ఎంటర్ ది డ్రాగన్ (1973): ప్రేక్షకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు

ఈ సినిమా మీద అభిప్రాయాలు రెండు కొసల దగ్గర ఉంటాయి. ఒకరు ఇంతకు మించిన యాక్షన్ సినిమా లేదంటారు. ఇంకొకరు ఇందులో ఏముందని ఇంత హడావుడి అంటారు. చాలాసార్లు ఇద్దరూ చూసింది ఒకే వెర్షన్ కాదు, ఒకే సైజు బొమ్మ కూడా కాదు. అందుకే ముందు చూడటం గురించి, తర్వాత సినిమా గురించి. "కథ బలహీనం అంటారు" అన్న ప్రశ్న నుంచి ముగింపుతో సహా అన్నీ బయటపడతాయి. అంతకుముందు వెర్షన్ల దగ్గర క్లైమాక్స్ గురించి చిన్న ప్రస్తావన మాత్రం ఉంది. ఇంకా చూడనివాళ్లు అక్కడ ఆగిపోయి, చూశాక మిగతాది చదవండి.

అసలు ఈ సినిమా ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

హాన్ అనే ధనవంతుడు తన సొంత దీవిలో మార్షల్ ఆర్ట్స్ పోటీ పెడతాడు. లోపల్లోపల అక్కడ నడిచేది మత్తుమందుల వ్యాపారం, అమ్మాయిల అమ్మకం. షావొలిన్ ఆశ్రమంలో శిక్షణ పొందిన లీ, పోటీదారుడిగా వెళ్లి లోగుట్టు బయటపెట్టాలి. అదే పడవలో ఇద్దరు అమెరికన్లు కూడా వస్తారు. అప్పులవాళ్ల నుంచి పారిపోతున్న రోపర్ ఒకడు, పోలీసులతో గొడవపడి వచ్చిన విలియమ్స్ ఇంకొకడు.

దర్శకుడు రాబర్ట్ క్లౌజ్, రచయిత మైఖేల్ ఆలిన్, సంగీతం లాలో షిఫ్రిన్. అమెరికా నుంచి వార్నర్ బ్రదర్స్, హాంకాంగ్ వైపు నుంచి బ్రూస్ లీ, రేమండ్ చౌల కాంకర్డ్ సంస్థ కలిసి తీశాయి. ఖర్చు పది లక్షల డాలర్ల లోపే. హాలీవుడ్ లెక్కలో అప్పటికి కూడా అది చిన్న సినిమానే. పోరాటాలన్నీ సమకూర్చింది బ్రూస్ లీయే. 1973 జూలై 20న, 32 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. సినిమా ఆ మరుసటి నెలలో విడుదలైంది.

ఎన్ని వెర్షన్లు ఉన్నాయి? ఏది చూడాలి?

ముఖ్యంగా రెండు. 1973లో థియేటర్లకు వచ్చింది సుమారు 99 నిమిషాలు. 25 ఏళ్ల సందర్భంగా 1998లో హోమ్ వీడియో మీద వచ్చింది సుమారు 102 నిమిషాలు. తేడా మూడు నిమిషాలే. కానీ ఆ మూడు నిమిషాల్లో ఉన్నది, లీకీ ఆశ్రమంలోని గురువుకీ (రాయ్ చియావ్) మధ్య జరిగే సంభాషణ. శత్రువుకున్నది ప్రతిబింబాలు, భ్రమలు మాత్రమే, వాటి వెనక అతను దాక్కుంటాడు, ఆ బింబాన్ని పగలగొడితే శత్రువు కూలతాడు అని గురువు చెప్పేది అక్కడే.

మొదటిసారి చూసేవాళ్లకు పొడవు వెర్షనే మా సలహా. ఆ సంభాషణ లేకుండా చూస్తే, చివర అద్దాల గదిలో లీ అద్దాలు బద్దలు కొట్టడం సమయానికి తట్టిన ఉపాయంలా కనిపిస్తుంది. ఆ సంభాషణ ఉంటే, మొదట్లో విన్న పాఠం చివర్లో పనికొచ్చినట్టు కుదురుతుంది. "క్లైమాక్స్ అర్థం లేకుండా ఉంది" అన్నవాళ్లను ఏ వెర్షన్ చూశారని అడగండి. మామూలుగా పొట్టిదే అయి ఉంటుంది.

నా దగ్గరున్నది ఏ వెర్షనో ఎలా తెలుస్తుంది?

నిడివి చూసి తేల్చుకోవద్దు, మోసపోతారు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఐరోపా పద్ధతి పాల్ డీవీడీల్లో దాన్నే సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుపుతారు. అంటే నాలుగు శాతం వేగం ఎక్కువ. 102 నిమిషాల సినిమా దాదాపు 98 నిమిషాల్లో అయిపోతుంది. డబ్బా మీద 98 అని ఉంటే అది థియేటర్ వెర్షన్ అనుకుంటారు, కానీ లోపల ఉన్నది పొడవుదే కావచ్చు. పైగా ఆ డిస్కుల్లో గొంతులు కొంచెం సన్నగా వినిపిస్తాయి, ఫైట్లు నిజానికి లేని వేగంతో కనిపిస్తాయి.

సులువైన పరీక్ష ఇది. సినిమా మొదలవగానే ఆశ్రమంలో పోరు జరుగుతుంది. అది అయ్యాక లీ ఒక పెద్దాయన పక్కన నడుస్తూ మాట్లాడితే పొడవు వెర్షన్. ఆ నడక లేకుండా బ్రెయిత్‌వెయిట్ అనే ఇంగ్లీష్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లిపోతే పొట్టిది.

బ్రిటన్‌లో అచ్చయిన పాత క్యాసెట్ల సంగతి వేరు. అక్కడి సెన్సార్ బోర్డు 1979 నుంచి నన్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రల ఆయుధం) కనిపించే షాట్లు కత్తిరించింది. అలాంటి కాపీలో భూగర్భ పోరాటం మధ్యలో తెగినట్టుంటుంది. అది ఎడిటర్ తప్పు కాదు.

టీవీలో చూస్తే బొమ్మ సీరియల్‌లా నున్నగా ఉంది. ఫైట్లు తేలిపోతున్నాయి. ఎందుకు?

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ అన్న మాటున్న ప్రతిదాన్నీ ఆఫ్ చేయండి. టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు కల్పించి కలుపుతుంది. బ్రూస్ లీ గుద్దు ఒక్కోసారి నాలుగైదు ఫ్రేముల్లో పూర్తవుతుంది. మధ్యలో కల్పిత ఫ్రేములు పడితే ఆ పదును పోయి చెయ్యి జారినట్టు కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకోవడం ఇంకా తేలిక.

రెండో సంగతి, బొమ్మ ఆకారం. సినిమా తీసింది 2.35:1 వెడల్పులో. పైనా కిందా నల్ల పట్టీలు రావాలి. పాత టీవీల కోసం 4:3కి కత్తిరించిన కాపీల్లో బొమ్మలో దాదాపు 43 శాతం పోతుంది. నేటి టీవీ నిండేలా జూమ్ చేసినా దాదాపు పావు వంతు పోతుంది. ఈ సినిమాలో అది మామూలు నష్టం కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు మధ్యనున్న దూరమే అసలు ఉత్కంఠ. కత్తిరించిన కాపీలో ఒకరి భుజం, ఒకరి ముక్కు మిగులుతాయి.

ఇంగ్లీష్ ఆడియోలోనే చూడాలా? గొంతులు పెదాలకు కలవడం లేదు.

ఇంగ్లీష్‌లోనే చూడండి. బ్రూస్ లీ సొంత ఇంగ్లీష్ గొంతు మొదటి నుంచి చివరి దాకా వినిపించే సినిమా ఇది. ఆ నెమ్మది, మాటకు ముందు చిన్న ఆగుడు, పలుచటి వెటకారం మరొకరి గొంతులో రావు. పెదాలు కలవకపోవడానికి కారణం, అప్పటి హాంకాంగ్ అలవాటు ప్రకారం మాటల్లో చాలా భాగం తర్వాత చేర్చడమే. హాన్ వేషం వేసిన షి కియెన్‌కు గొంతు ఇచ్చింది కీ లూక్ అనే మరో నటుడు. కాబట్టి హాన్ మాట్లాడేటప్పుడు కనిపించే తేడాను మీ ప్లేయర్ లోపం అనుకుని సింక్ సర్దే పని పెట్టుకోకండి. లీ మాటలు కూడా ఆలస్యంగా వస్తుంటేనే ప్లేయర్ సంగతి చూడండి.

మోనో ట్రాక్ దొరికితే అదే పెట్టండి. కొత్త స్టీరియో మిక్స్‌ల్లో సంగీతం విశాలంగా ఉన్నా, దెబ్బల చప్పుడు గది మూలల్లోంచి వస్తున్నట్టుంటుంది.

పిల్లలకు చూపించవచ్చా?

చిన్నపిల్లలకు వద్దు. మెడలు విరగడం, గాజుపెంకుతో ఒక అమ్మాయి ప్రాణం తీసుకోవడం, మత్తుమందు, కొంత నగ్నత్వం ఉన్నాయి. అమెరికాలో ఆర్ రేటింగుతో, అంటే పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలన్న షరతుతో, విడుదలైంది. పదమూడు పద్నాలుగేళ్లవాళ్లకైతే ముందు మీరొకసారి చూసి నిర్ణయించుకోవచ్చు. చూశాక ఇంట్లో చెక్క నన్‌చాకు తిప్పే ప్రయత్నం తప్పకుండా జరుగుతుంది. అది తిరిగొచ్చి తగిలేది మోచేతికో, కణతకో. స్పాంజి తొడుగున్నవి మాత్రమే ఇవ్వండి.

కథ బలహీనం అంటారు. నిజమేనా?

నిజమే. ఇక్కడి నుంచి కథ బయటపెడుతున్నాం.

రెండు రాత్రులూ లీ చేసేది ఒకటే పని: గదిలోంచి జారుకుని నేలమాళిగలోకి దిగడం. అమెరికన్లిద్దరి ఫ్లాష్‌బ్యాకులు పడవలో ఉండగానే వరసగా వచ్చేస్తాయి. బ్రెయిత్‌వెయిట్ ముందే పంపిన గూఢచారి మెయ్ లింగ్ దగ్గర లీకి దొరికే సమాచారం పిసరంత. చివర్లో సాయం కోసం పిలిచిన హెలికాప్టర్లు అంతా అయిపోయాక తీరిగ్గా దిగుతాయి.

అయితే ఒక మెచ్చుకోవాల్సిన సంగతి ఉంది. సినిమాకు తన బొమ్మల కథ స్వభావం తెలుసు. హాన్ బడాయి మాటలు విన్న విలియమ్స్, నువ్వు కామిక్ పుస్తకంలోంచి ఊడిపడ్డావని మొహం మీదే అనేస్తాడు. కథను గంభీరంగా తీసుకుని నిరాశపడ్డవాళ్లు ఆ ఒక్క సీను మళ్లీ చూస్తే సినిమాతో రాజీ కుదురుతుంది.

హాన్‌ను తుపాకీతో కాల్చేస్తే పోయేది కదా?

ఈ ప్రశ్న లీయే అడుగుతాడు, సినిమా మొదట్లోనే. దీవిలో ఆయుధాలు ఉండనివ్వకపోవడం హాన్ నియమం, తనను ఎవరైనా కాల్చేస్తారన్న భయం కొద్దీ. జవాబు బలంగా లేదు, ఒప్పుకుంటాం. కానీ ఆ నియమం లేకపోతే సినిమాయే లేదు.

ఫైట్లు నిమిషంలో అయిపోతున్నాయి. ఇంత పొగడ్త ఎందుకు?

తర్వాతి కాలపు హాంకాంగ్ సినిమాలు చూసి ఇటు వచ్చినవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. ఆ సినిమాల్లో ఒక్కో ఫైట్ పది నిమిషాలు నడుస్తుంది. ఇద్దరూ సమ ఉజ్జీలు, బల్లలు, నిచ్చెనలు, ఎత్తుకు పైఎత్తు. ఆ కొలతతో కొలిస్తే ఇది తేలిపోతుంది.

బ్రూస్ లీ లెక్క వేరు. నిజమైన దెబ్బలాట త్వరగా ముగిసిపోవాలని ఆయన నమ్మకం. ఆయన 1967లో పేరుపెట్టిన తన సొంత యుద్ధవిద్య జీత్ కున్ డోలో మూలసూత్రం కూడా అదే: ఎదుటివాడి దెబ్బను ఆపి, తర్వాత కొట్టడం రెండు పనులు, అడ్డుకోవడంలోనే కొట్టడం ఒక పని. అందుకే ఈ సినిమాలో ఫైట్‌కు ముందు జరిగేదానికి ఎక్కువ నిడివి ఉంటుంది. నిలబడటం, చూడటం, దూరం కొలుచుకోవడం, ఆపైన మెరుపు. ఆ నిలబడే క్షణాలు విసుగనిపిస్తే ఈ సినిమా మీకు నచ్చదు, అందులో మీ తప్పేమీ లేదు. మా దృష్టిలో మాత్రం ఈ సినిమా ఐదు దశాబ్దాలు నిలబడింది ఆ క్షణాల మీదే.

పడవలో న్యూజిలాండ్ పొగరుబోతు గొడవకు దిగినప్పుడైతే అసలు దెబ్బే లేదు. పక్క దీవికి వెళ్లి తేల్చుకుందాం రమ్మని అతన్ని చిన్న పడవలోకి ఎక్కించి, తాడు వదిలేస్తాడు లీ. జపాన్ కత్తివీరుడు త్సుకహరా బొకుదెన్ గురించి చెప్పుకునే పాత కథకు అది కొత్త రూపం. చాలామందికి గుర్తుండిపోయే "ఫైట్" అదే కావడం తమాషా.

ఓహారాతో పోరును అందరూ ప్రత్యేకంగా చెబుతారు. అందులో ఏం చూడాలి?

మొత్తం సినిమాలో మళ్లీ మళ్లీ చూడదగ్గది ఇది. ఓహారాగా చేసిన బాబ్ వాల్ నిజజీవితంలో కరాటే ఆటగాడు. కథలో అతను హాన్ అంగరక్షకుడు, లీ చెల్లెలి చావుకు కారకుడు.

ముందు మామూలు వేగంతో ఒకసారి, తర్వాత సగం వేగంతో ఒకసారి చూడండి. మొదట్లో ఇద్దరూ ముంజేతులు ఆనించి నిలబడతారు. లీ తను నేర్చుకున్న వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నుంచి తెచ్చిన పద్ధతి అది. తాకి ఉన్న చేతిలోంచే ఎదుటివాడి కదలిక తెలుసుకోవడం అందులో కిటుకు. సగం వేగంలో లీ భుజాన్ని గమనించండి. మామూలు గుద్దులో భుజం ముందు కదిలి చెయ్యి వెనక వస్తుంది, ఎదుటివాడికి ఆ చిన్న సూచన చాలు. ఇక్కడ చెయ్యే ముందు కదులుతుంది, భుజం, నడుము వెనక వస్తాయి. ఓహారా రెప్ప వేసేలోపు దెబ్బ పడిపోతుంది. అదే పొజిషన్‌లో మళ్లీ నిలబెడతారు, మళ్లీ అదే. రెండోసారి దెబ్బ ఎక్కణ్నుంచి వస్తుందో మనకు తెలుసు, అతనికీ తెలుసు, అయినా ఆపలేడు. ఎవరు గెలుస్తారన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది. ఆ తర్వాత మిగిలింది లీ ఎంత దూరం వెళ్తాడన్నదే.

ఇక చివరి క్షణం. ఓహారా పగిలిన సీసాలు పట్టుకుని మీదికి వస్తాడు. లీ అతన్ని పడగొట్టి, గాల్లోకి లేచి పైన దిగుతాడు. కెమెరా కిందకు చూడదు. లీ ముఖం మీదే ఆగిపోతుంది, అదీ స్లో మోషన్‌లో. పళ్లు బిగుసుకుని, కనుబొమ్మలు వణుకుతూ, కోపమో ఏడుపో చెప్పలేని ముఖం. పగ తీరిన సంతోషం అందులో ఎక్కడా లేదు. బ్రూస్ లీకి నటన రాదనేవాళ్లకు చూపించాల్సిన షాట్ అది.

మొదటి ఫైట్‌లో గ్లవ్స్ ఏమిటి? నేటి ఎంఎంఏలా ఉంది.

చూసినవాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఎంఎంఏ అంటే రకరకాల యుద్ధవిద్యలు కలిపి పోరాడే పోటీ. వేళ్లు బయటికుండే గ్లవ్స్, పొట్టి దుస్తులు, గుద్దులు, తన్నులు, ఎత్తి పడేయడం, చివరికి నేల మీద చెయ్యి మెలిపెడితే ఎదుటివాడు తట్టి ఓటమి ఒప్పుకోవడం. ఆ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ మొదటి పోటీ జరిగింది 1993లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. లీకి ఎదురుగా ఉన్న బొద్దు మనిషి సామో హంగ్, తర్వాతి కాలంలో హాంకాంగ్ యాక్షన్‌కు పెద్ద దిక్కు.

భూగర్భంలో ఇన్ని ఆయుధాలు మారుస్తాడెందుకు? ప్రదర్శన కోసమేనా?

కొంత ప్రదర్శనే. అయితే వరస గమనిస్తే తర్కం ఉంది. ముందు పొడుగు కర్ర, తర్వాత రెండు పొట్టి కర్రలు, చివర నన్‌చాకు. మొదటి కర్ర దూరం నుంచి గుంపును ఆపుతుంది. జనం దగ్గర పడ్డాక రెండు చేతులకూ పొట్టి కర్రలు కావాలి. ఆ విద్య ఫిలిప్పీన్స్‌ది, లీకి పరిచయం చేసింది మిత్రుడు డాన్ ఇనొసాంటో. నన్‌చాకు వచ్చేసరికి ఎదుటివాళ్లు వెనక్కి జంకుతారు, లీ దాన్ని ఎక్కువగా తిప్పేది భయపెట్టడానికే.

ఆ వెంటనే వచ్చేది మాకు ఇంకా ఇష్టం. చుట్టూ ఇనుప తలుపులు పడిపోతాయి. దారి లేదు. లీ ఒకసారి చూసి, నన్‌చాకు మెడలో వేసుకుని, నేల మీద పద్మాసనం వేసి కూర్చుంటాడు. కొట్టాల్సినవాడు లేనప్పుడు శక్తి ఖర్చుపెట్టడు. మాట లేకుండా పాత్ర మొత్తం చెప్పిన షాట్ అది.

ఫిల్మ్ వేగం పెంచారా? డూప్ ఉన్నాడా? దెబ్బలు నిజమా?

లీ చేతి వేగం అతనిదే. అందుకోసం మాయలు అక్కర్లేకపోయింది. పల్టీలు మాత్రం యువెన్ వా చేశాడు. ఆరంభంలో గాల్లో పల్టీ, ఓహారా కాలు పట్టుకున్నప్పుడు వెనక్కి తిరిగి తన్నేది అతనివే. ఆ షాట్లలో ముఖం కనిపించదు, ఆపి చూస్తే ఒడ్డూపొడుగూ తేడా తెలుస్తుంది.

సీసాలు నిజం గాజువే. ఆ సీను తీసేటప్పుడు బ్రూస్ లీ చేతికి లోతుగా తెగింది, షూటింగ్ కొన్ని రోజులు ఆగింది. దాని మీద ఇద్దరికీ పగ పుట్టిందన్న కథ బాగా పాకింది. బాబ్ వాల్ దాన్ని ఎప్పుడూ కొట్టిపారేశాడు.

జాకీ చాన్ ఎక్కడ కనిపిస్తాడు?

భూగర్భ పోరాటంలో. వెనక నుంచి వచ్చి లీని పట్టుకునే కాపలావాడు, జుట్టు లాగించుకుని మెడ విరిగి పడిపోయేది జాకీయే. అప్పటికి అతనొక స్టంట్ కుర్రాడు మాత్రమే. షూటింగ్‌లో లీ కర్ర పొరపాటున మొహానికి తగిలిందని, లీ వచ్చి పలకరిస్తాడని నొప్పి కొంచెం ఎక్కువ నటించానని జాకీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ భాగాన్ని సగం వేగంలో చూస్తే ముఖం స్పష్టంగా దొరుకుతుంది.

విలన్ ముసలాయన. క్లైమాక్స్‌లో పోటీ ఎక్కడుంది?

అభ్యంతరం సబబే. షి కియెన్‌కు అప్పటికి 60 ఏళ్లు. హాంకాంగ్‌లో చైనా జానపద వీరుడు వాంగ్ ఫే-హంగ్ సినిమాల వరసలో ఏళ్ల తరబడి విలన్‌గా చేసి ఇంటింటికీ తెలిసిన ముఖం. అక్కడి ప్రేక్షకుడికి ఆయన రావడమే గండం. ఆ నేపథ్యం లేని ప్రేక్షకుడికి మాత్రం, ఓహారాను అంత సులువుగా పడగొట్టినవాడికి ఈయనొక లెక్కా అనిపిస్తుంది.

దర్శకుడు లోటు రెండు విధాలుగా పూడ్చాడు. ఒకటి, హాన్‌కు లేని చేతి స్థానంలో మార్చుకునే ఇనుప గోళ్లు. లీ పొట్ట మీద గీతలు పడతాయి, అతను రక్తం వేలితో తాకి నాలుక మీద రుచి చూస్తాడు, అక్కడ పోరు బరువెక్కుతుంది. రెండోది అద్దాలు. హాన్ బలం తగ్గినప్పుడు గది అతని తరఫున పోరాడుతుంది. ఎటు చూసినా పదిమంది హాన్‌లు, గుద్దు గాజుకు తగులుతుంది. లీ వేగం అక్కడ పనికిరాదు. గదిలోంచి బయటికి రాగలిగినా మళ్లీ లోపలికే వెళ్లి, అద్దాలు ఒక్కొక్కటీ పగలగొట్టుకుంటూ పోతాడు. పగిలిన అద్దంలో బింబం చీలుతుంది, చీలనివాడే అసలు మనిషి. 1947లో వచ్చిన ద లేడీ ఫ్రమ్ షాంఘైలో ఇలాంటి అద్దాల సీను ఉందని విమర్శకులు గుర్తుచేస్తారు. అక్కడ తుపాకులు, ఇక్కడ చేతులు.

విలియమ్స్‌ను అంత తొందరగా చంపేయడం అన్యాయం కదా?

ఈ సినిమా మీద వచ్చే ఫిర్యాదుల్లో బలమైనది ఇదే అంటాం. విలియమ్స్‌గా చేసిన జిమ్ కెల్లీ 1971లో లాంగ్ బీచ్ పోటీల్లో కరాటే మిడిల్‌వెయిట్ విజేత. తెర మీద ఉన్న కాసేపూ చూపు తిప్పుకోనివ్వడు. జాతివివక్ష చూపిన పోలీసులను తన్ని వాళ్ల కారులోనే వెళ్లిపోయే ఫ్లాష్‌బ్యాక్, పడవలోంచి హాంకాంగ్ పేదల బతుకులు చూసి ఊరేదైనా మురికివాడ ఒకటేనన్నట్టు అనే మాట, రెండూ కథకు కొత్త బరువు ఇస్తాయి. అలాంటివాడిని, చేయని నేరం మోపి, మధ్యలోనే చంపేస్తారు. రోపర్ మాత్రం హాన్ మనిషి బోలోను ఓడించి బతుకుతాడు. రోపర్‌గా చేసిన జాన్ సాక్సన్ మంచి నటుడే. కానీ ఆజానుబాహువు బోలో యెంగ్ అతని చేతిలో ఓడిపోవడం నమ్మబుద్ధి కాదని అప్పుడూ ఇప్పుడూ అంటూనే ఉన్నారు.

ఇందులో ఇంకో కోణం లేకపోలేదు. ఆసియా, నల్లజాతి, తెల్లజాతి మనుషులు ముగ్గురూ పక్కపక్కన నిలబడ్డ పోస్టర్ హాలీవుడ్‌కు ఆ రోజుల్లో అరుదు. మరుసటి ఏడే క్లౌజ్ దర్శకత్వంలో కెల్లీ హీరోగా సినిమా వచ్చింది.

ఆడవాళ్ల పాత్రల గురించి?

పేలవం. మినహాయింపు ఏంజెలా మావ్. హాప్‌కిడో అనే కొరియా యుద్ధవిద్య నేర్చిన ఆమె లీ చెల్లెలు సూ లిన్‌గా కొన్ని నిమిషాలే కనిపిస్తుంది, అదీ ఫ్లాష్‌బ్యాక్‌లో. ఆ పరుగు, ఆ తన్నులు చూశాక ఆమెను పోటీకి పంపి ఉంటే ఎలా ఉండేదని అనుకోకుండా ఉండలేం.

ఇది బాండ్ సినిమా కాపీయా?

పోలికలు దాచినవి కావు. రహస్య దీవి, చెయ్యి లేని విలన్, తెల్ల పిల్లి, నేలమాళిగ. 1962 నాటి డాక్టర్ నో, ఆ తర్వాతి బాండ్ సినిమాలు చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. తేడా హీరోలో ఉంది. బాండ్‌కు పరికరాలిస్తారు, లీకి ఏమీ ఇవ్వరు. ఇక్కడి దీవి, పోటీ రెండూ కలిసి తర్వాత వీడియో గేముల్లోకి వెళ్లాయి. 1992 నాటి మోర్టల్ కోంబాట్‌లో ఆ నీడ బాగా కనిపిస్తుంది.

సంగీతం?

షిఫ్రిన్ మిషన్ ఇంపాజిబుల్ బాణీ కట్టినాయన. ఇక్కడ జాజ్, ఫంక్ గిటార్, చైనా వాయిద్యాల ఛాయలు కలిపాడు. టైటిల్స్‌లోనే లీ అరుపులు బాణీలోకి దూరతాయి. కొన్నిచోట్ల తూర్పు దేశమంటే ఇలాగే మోగాలన్న మూస ఉంది. కానీ గమనిస్తే ఓహారాతో పోరు ముఖ్య ఘట్టాల్లో సంగీతం తగ్గి, ఊపిరి, అడుగుల చప్పుడు మిగులుతాయి.

లీ చనిపోయాడు కాబట్టే దీనికి అంత పేరు వచ్చిందా?

మరణం కుతూహలాన్ని పెంచింది, కాదనలేం. కానీ సానుభూతి ఒక విడుదలను మోస్తుంది, యాభై ఏళ్లను మోయదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో దీన్ని 2004లో చేర్చింది. లీని పక్కనపెట్టి మిగతా సినిమాను ఊహించుకోండి, డెబ్బైల నాటి సాదాసీదా గూఢచారి సినిమా మిగులుతుంది. కాబట్టి పేరు అతనిదే, అయితే చావు వల్ల కాదు, తెర మీద ఉన్నందువల్ల.

ఎక్కడ తీశారు?

దాదాపు అంతా హాంకాంగ్‌లోనే, 1973 మొదటి నెలల్లో. ఆశ్రమం సీన్లకు ట్యుయెన్ మున్‌లోని సింగ్ షాన్ ఆశ్రమం వాడుకున్నారు, పడవల సీన్లు ఆబర్డీన్ రేవులో. పోటీ జరిగే పచ్చిక మైదానం అసలు ఒక బంగ్లా టెన్నిస్ కోర్టు.

బ్రూస్ లీ సినిమాల్లో ఇదే ఉత్తమమా? దీని తర్వాత ఏది చూడాలి?

మొదట చూడాల్సింది ఇదే, ఎందుకంటే తేలిగ్గా లోపలికి రానిస్తుంది. ఉత్తమం ఏదంటే మాలో చాలామంది ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ (1972) అంటాం. అక్కడ కోపానికి కారణం కథంతా ఉంటుంది, ముగింపు గుండెలో దిగుతుంది. పోరాటం ఒక్కటే కొలమానం అయితే, లీ స్వయంగా దర్శకత్వం వహించిన ద వే ఆఫ్ ద డ్రాగన్ (1972). రోమ్ కొలోసియంలో చక్ నోరిస్‌తో పోరు ఇక్కడి ఏ ఫైట్‌కన్నా పొడవు, లీ అందులో మొదట దెబ్బలు తిని పద్ధతి మార్చుకుంటాడు. ఇక్కడి లీకి అలాంటి పరీక్ష ఎదురవదు.

గేమ్ ఆఫ్ డెత్‌ను (1978) చివరికి ఉంచండి. ఎంటర్ ది డ్రాగన్ కోసం లీ మధ్యలో ఆపిన సినిమా అది. ఆయన పోయాక క్లౌజ్ వేరే కథ అల్లి, డూప్‌లతో పూర్తి చేశాడు. లీ నిజంగా పోరాడేది చివర్లో, పసుపు దుస్తుల్లో, పది పన్నెండు నిమిషాలు. మిగతాది దాటేసి నేరుగా అక్కడికి వెళ్లినా పోయేదేమీ లేదు.